పన్నెండో తాబేలు

పోయిన వస్తువుల కేసులు నా దగ్గరికి చాలా వచ్చాయి. పోయిన నగలు, పోయిన దస్తావేజులు, ఒకసారి పోయిన మొగుడు కూడా. ఒకటి ఎక్కువైందని నన్ను పిలవడం మాత్రం పద్నాలుగేళ్ల డిటెక్టివ్ వృత్తిలో ఇదే మొదటిసారి.

టైము పన్నెండూ నలభై. జూ వెనక మేత గదిలో ఎత్తుపీట మీద కూర్చుని పెద్దమ్మ దోసకాయలు తరుగుతోంది. ఆవిడ నాకు చుట్టం కాదు. నలభయ్యేళ్లుగా ఈ జూలో జంతువులను సాకుతున్న మనిషి కాబట్టి ఊరందరికీ పెద్దమ్మే. నన్ను పిలిపించింది కూడా ఆవిడ కాదు, టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే తాతగారు. "అమ్మాయ్, మనకి ఒక తాబేలు ఎక్కువైంది, పరిగెత్తుకుని రా" అని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

నవ్వుకుంటూ వచ్చాను. వచ్చాక సంగతి తెలిసి నవ్వు ఎగిరిపోయింది.

ఇది ఊరి జనం చందాలు వేసుకుని కట్టుకున్న జూ. ఇప్పుడు కప్పులు కారుతున్నాయి, గోడలు బీటలు వారాయి. మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగాక మరమ్మతులకు నిధులిస్తామని పురపాలక సంఘం ఒప్పుకుంది. ఆ ఫైలు మీద ఈ రోజు సాయంత్రం నాలుగింటికి కమిషనర్ వచ్చి సంతకం పెట్టాలి. షరతు ఏమిటంటే, జూ వాళ్లు సీలు కవర్లో ఇచ్చిన జాబితాకు జంతువుల లెక్క సరిపోవాలి. లెక్కలో తేడా ఉంటే, ఆ తేడా ఎక్కడిదో చెప్పే కాగితం ఉండాలి. కాగితం లేని ప్రాణి ఒక్కటి కనిపించినా ఫైలు వెనక్కి పోతుంది, మళ్లీ రెండేళ్ల దాకా నిధుల మాట ఉండదు. ఈ కప్పులు రెండు వానాకాలాలు ఆగవని ఇంజనీరే రాసిచ్చాడు. అంటే జంతువులను వ్యాన్లెక్కించి తలో ఊరికీ పంచెయ్యడమే.

జాబితాలో ఉన్నవి అరవై నాలుగు. పొద్దున లెక్కకు వచ్చినవి అరవై అయిదు.

"నిన్న ఆఖరుసారి ఎప్పుడు లెక్కపెట్టావు పెద్దమ్మా?"

"నాలుగున్నరకి. తాబేళ్లు పదకొండు."

"ఈ రోజు?"

"ఏడూ పదికి. పన్నెండు."

"అప్పుడేం చేశావు?"

"ఏం చేస్తాను, మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ పన్నెండే."

"ఆవరణ తలుపు?"

"గడియ వేసే ఉంది. దానికి తాళం ఎప్పుడూ వెయ్యం. అవి పారిపోదామనుకున్నా గేటు దాకా చేరేసరికి నాకు భోజనం కూడా అయిపోతుంది."

ఆవిడ జోకు వేసింది గాని నా వంక చూడలేదు. చాకు మాత్రం ఆగకుండా ఆడుతోంది.

"నీకెవరి మీదైనా అనుమానం ఉందా?"

"నాకెందుకమ్మా అనుమానాలు? తాబేలునేగా తెచ్చి వదిలింది, బాంబును కాదు కదా."

ఇక్కడ నాకు రెండు సంగతులు తట్టాయి. నలభయ్యేళ్ల కష్టం సాయంత్రానికి గంగలో కలిసిపోయేలా ఉన్నా, 'ఎవరు చేశారు' అని ఈవిడ ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. రెండోది, బల్ల మీద మేత గిన్నెలు పన్నెండున్నాయి. పన్నెండో గిన్నెలో ముక్కలు మిగతా వాటికంటే చిన్నవి, పైగా చెక్కు తీసినవి.

"దీనికెందుకింత గారాబం?"

"కొత్త చోటు కదా, బెదురుతుంది" అంది పెద్దమ్మ. అని, ఆ గిన్నెను కొంగుతో తుడిచింది.

ఒకటీ పదికి తాబేళ్ల ఆవరణలోకి దిగాను. నడుమెత్తు గోడ, గడియ తలుపు, లోపల ఇసుక, ఓ మూల సగం ఊడిన రేకుల కప్పు. గోడ మీద గీరుకున్న గుర్తులు లేవు. ఇసుకలో తలుపు నుంచి నాలుగడుగుల దూరం వరకూ తాబేలు నడిచిన జాడ లేదు, ఆ తర్వాతే మొదలైంది. అంటే ఎవరూ దాన్ని గోడ మీంచి పడెయ్యలేదు. తలుపు తీసుకుని లోపలికి వచ్చి, వంగి, జాగ్రత్తగా దించారు. దించిన చోట కింద ఇంత గడ్డి కూడా పరిచారు. వదిలించుకోవడానికి వచ్చినవాడు గడ్డి పరచడు.

పదకొండు తాబేళ్లూ నీడలో ఓ చోట చేరాయి. పన్నెండోది ఇటుకల వెనక ఒంటరిగా ఉంది. నన్ను చూడగానే తల లోపలికి లాక్కుంది. దాని మూతికి ఎర్రటి మరక. వేలితో తుడిచి వాసన చూశాను. రక్తం కాదు, పువ్వుల రసం. మందార పువ్వులు. జూ మొత్తం మీద మందార చెట్టు లేదు.

అప్పుడు డిప్ప అంచు చూశాను.

ఈ జూలో ఓ పద్ధతి ఉంది. తాబేలు పిల్ల పుట్టగానే దాని డిప్ప అంచు పలకల్లో ఒకదానికి ఆకురాయితో చిన్న గాటు పెడతారు. మొదటి పిల్లకు తల పక్కనుంచి మొదటి పలక మీద, రెండోదానికి రెండో పలక మీద, అలా. అది ఎంత పెరిగినా గాటు ఉంటుంది, అదే దాని పేరు. బళ్లో చదివేటప్పుడు మమ్మల్ని ఇక్కడికి తీసుకొస్తే పెద్దమ్మ మా చేత ఆ గాట్లు లెక్కపెట్టించేది.

నీడలో ఉన్న పదకొండింటినీ ఒక్కొక్కటే చూశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. తర్వాత ఎనిమిది. అక్కడి నుంచి పన్నెండు దాకా అన్నీ ఉన్నాయి. ఏడు లేదు.

ఇటుకల వెనక దాన్ని రెండు చేతులతో ఎత్తి చూశాను. ఏడో పలక మీద గాటు ఉంది. పాతది, అరిగింది, కాని ఉంది.

బయటి నుంచి వచ్చిన తాబేలు కాదిది. ఇంటికి తిరిగొచ్చిన తాబేలు.

"మున్సిపల్ తనిఖీ జరిగే చోట నీకేం పనమ్మా?"

తల ఎత్తక్కర్లేకుండానే ఎవరో తెలిసింది. మా బావ. మా అక్క మొగుడు, పురపాలక సంఘంలో విజిలెన్స్ ఆఫీసరు. ప్రైవేటు డిటెక్టివులంటే ఆయన దృష్టిలో దోమలతో సమానం. మరదల్ని కాబట్టి మందు కొట్టకుండా వదిలేశాడు.

"తాబేలు వాంగ్మూలం తీసుకుంటున్నాను బావా. కాస్త నిదానంగా చెబుతోంది."

"జోకులాపు. ఎవరో ఇంట్లో పెంచుకున్నదాన్ని తెచ్చి వదిలేశారు. బయటివాళ్లు వదిలిన జంతువు అని రాసి పంపించేస్తాను. నీ కేసు అయిపోయింది, ఇంటికెళ్లు."

"అలా రాస్తే కాగితం లేని ప్రాణి వచ్చిందని ఒప్పుకున్నట్టేగా? నిధులు పోతాయి."

"పోకుండా నేను చూసుకుంటాను."

"ఎలా?"

"అది నా పని."

"ఇంట్లో పెరిగిందని ఎలా చెప్పగలుగుతున్నారు మీరు?"

నేను బావను నువ్వు అనే అంటాను. కోపం వచ్చినప్పుడు మాత్రమే మీరు అంటాను. నా నోట 'మీరు' వినపడితే మా అక్క వంటింట్లోంచి తొంగి చూస్తుంది. అది బావకీ తెలుసు. ముఖం ఎర్రబడింది.

"చూస్తే తెలియట్లేదా? నీకు తెలియకపోతే నాకూ తెలియకూడదా? పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను, నువ్వు ముక్కు దూర్చని చోటు లేదు!"

"ముక్కు దూర్చడమే నా వృత్తి. మీ వృత్తి నిజం రాయడం. ఎవరి పని వాళ్లం చేద్దాం."

బావ ఒంటికాలి మీద లేచాడు. కోపమొచ్చినా కంగారుపడ్డా ఆయనకో అలవాటుంది, జేబులోంచి తాళాల గుత్తి తీసి గలగలలాడిస్తాడు. ఇప్పుడూ అదే చేశాడు.

నా కాలి దగ్గర ఏదో కదిలింది. అరగంటగా నాకు తల చూపించని ఏడో తాబేలు మెడ బారెడు చాపింది. ఇటుకలు దాటి, గడ్డి దాటి, తాళాల చప్పుడు వినపడిన వైపే నడిచి వెళ్లి, బావ బూటు మీద గడ్డం ఆనించి ఆగింది. మిగతా పదకొండూ ఉన్న చోటి నుంచి కదల్లేదు.

బావ ఓ అడుగు వెనక్కి వేశాడు. అదీ ఓ అడుగు ముందుకు వేసింది.

"ఆకలిగా ఉన్నట్టుంది" అన్నాడు. తర్వాత మంటలార్పే బకెట్లు లెక్కపెట్టాలంటూ గబగబా వెళ్లిపోయాడు. నేను ఆపలేదు. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు గెలిచిన సంతోషం కలగలేదు. చిన్నప్పుడు నాకు సైకిల్ తొక్కడం నేర్పింది ఈ మనిషే.

రెండూ అయిదుకి టికెట్ల కిటికీ దగ్గరున్నాను. తాతగారి చేతిలో ఎప్పుడూ మీట నొక్కితే అంకె మారే చిన్న లెక్కల మిషను ఉంటుంది.

"నిన్న లోపలికి డెబ్భై ఒక్కరు, బయటికి డెబ్భై ఒక్కరు" అన్నాడు గర్వంగా. "టికెట్ లేకుండా చీమను కూడా వదలను."

"మరి ఆఫీసు వాళ్లు?"

"వాళ్లు జనంలో లెక్కా అమ్మాయ్? వాళ్లకి మీట నొక్కను."

ఎంత లెక్క తెలిసినవాళ్లయినా ఇక్కడే పప్పులో కాలేస్తారు. "నిన్న నాలుగున్నర తర్వాత ఆఫీసు వాళ్లెవరైనా వచ్చారా తాతగారూ?"

"మీ బావగారొక్కరే. మంటలార్పే బకెట్లు చూడాలని అయిదూ పదికి వచ్చారు, అయిదున్నరకి వెళ్లారు."

"చేతిలో ఏమైనా ఉందా?"

"క్యారేజీ సంచి. వచ్చేటప్పుడు రెండు చేతుల్తో పట్టుకున్నారు, వెళ్లేటప్పుడు మడిచి చంకలో పెట్టుకున్నారు. ఈ వేళప్పుడు భోజనమేమిటా అనుకున్నాను. పెద్ద ఆఫీసర్లు, ఎప్పుడు తీరితే అప్పుడే తింటారు పాపం."

"పొద్దున లెక్క ఎవరికైనా చెప్పారా?"

"ఈ వారమంతా ఏడుంపావుకి కమిషనర్ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాలిగా. అరవై అయిదు అని చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పానమ్మాయ్, తప్పా?"

తప్పు కాదు. కాని గుట్టుగా తప్పించే దారి మూసుకుపోయింది. ఇప్పుడు తాబేల్ని మాయం చేస్తే ఒక జంతువు ఎక్కువైంది అనే మాట పోయి, ఒక జంతువు పోయింది అనే మాట వస్తుంది.

బీరువాలోంచి పుట్టిన పిల్లల లెక్క రాసే పాత పుస్తకం తీయించాను. ముప్ఫై నాలుగేళ్ల కిందటి పేజీ. పన్నెండు పిల్లలు, పన్నెండు గాట్లు. ఏడో అంకె పక్కన పెద్దమ్మ గుండ్రటి చేతిరాత: 'కాకి ఎత్తుకుపోయింది.' దాని కింద పై అధికారి ఎర్ర సిరా: 'అజాగ్రత్త. రెండేళ్లు జీతం పెంపు లేదు.'

ఆ ఎర్ర రాత మీద ఎవరిదో వేలు ఈ మధ్యే చాలాసేపు ఆగింది. దుమ్ము అక్కడ మాత్రం లేదు.

రెండూ నలభైకి మేత గది తలుపు మూశాను. లోపల పెద్దమ్మ, బావ, నేను. నా ఒళ్లో ఏడో తాబేలు.

"బావా, మీ అమ్మగారి పెరట్లోకి పోవద్దని నీ పెళ్లయిన కొత్తలో నాకు చెప్పావు గుర్తుందా? మందార చెట్ల కింద పాముందన్నావు."

బావ నా ఒళ్లో ఉన్న తాబేలు వంక చూశాడు.

"పద్దెనిమిదేళ్లు నేను ఆ పెరట్లో కాలు పెట్టలేదు. పాము పేరు చెప్పి తాబేలుతో భయపెట్టిన మొగాణ్ణి నిన్నే చూశాను."

నవ్వుతాడనుకున్నాను. ఆయన కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"పదకొండేళ్లప్పుడు..." అన్నాడు. "నాన్న పోయిన వారం. అమ్మ అన్నం ముట్టుకునేది కాదు, పలకరిస్తే గోడ వంక చూసేది. దీన్ని చూస్తే నవ్వుతుందేమోనని అన్నం డబ్బాలో పెట్టుకుని పారిపోయాను. అగ్గిపెట్టెంత ఉండేది. అమ్మ నవ్వలేదు గాని, దీనికి పెట్టడానికని లేచి ఆకులు కోసింది. ఆ రోజే తనూ తింది."

"తిరిగి ఇవ్వలేకపోయావా?"

"ఇద్దామనుకున్నాను. తర్వాత దొంగ అంటారని భయం. తర్వాత ఈ ఉద్యోగం. తప్పు చేసినవాళ్లని పట్టుకునే ఉద్యోగం!" బావ తల ఎత్తాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "పోయిన వారం తనిఖీకని ఆ పుస్తకం చేతికొచ్చింది. పుట్టినవి పన్నెండు, ఉన్నవి పదకొండు. కాకి మాట ఎవరూ నమ్మరని, ఆ తేడాకి నిధులు ఆగిపోతాయనిపించింది. అదీ గాక ఆ ఎర్ర సిరా చూశాను. నా వల్ల ఆవిడకి శిక్ష పడిందని నాకిన్నేళ్లూ తెలీదు. లెక్క సరిచేద్దామనుకున్నాను. సీలు కవర్లో పదకొండనే రాశారని నాకేం తెలుసు?"

ఇద్దరూ ఒకే చిల్లుకి చెరో వైపు నుంచీ అతుకు వేశారు. అక్కడొచ్చింది తంటా.

పెద్దమ్మ చాకు కింద పెట్టింది. "నేను చూశాను" అంది.

"ఏం చూశారు?" అన్నాడు బావ.

"నిన్నే, ముప్ఫై నాలుగేళ్ల కిందట. ఆ గోడ పక్కన నిలబడ్డావు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి, ఇంట్లో సరిచేసేవాళ్లు లేరని తెలిసిపోతోంది. దాన్ని తీసి డబ్బాలో పెట్టావు. నేను కేక వెయ్యబోయాను. అప్పుడు డబ్బా మూత కనపడింది. మేకుతో చిల్లులు పెట్టుకొచ్చావు. దానికి ఊపిరాడాలని ముందే ఆలోచించినవాడు దాన్ని చంపడులే అనుకున్నాను."

"మరి కాకి?" అన్నాను.

"కాకికి ఉద్యోగం పోతుందా, బడిలోంచి తీసేస్తారా? అందుకని దాని మీద వేశాను." పెద్దమ్మ లేచి వచ్చి తాబేలు డిప్ప నిమిరింది. "పొద్దున గాటు చూడగానే తెలిసింది, ఆ పిల్లాడు మంచివాడేనని. ఎంత బాగా పెంచావురా దీన్ని."

టైము మూడూ అయిదు. డిటెక్టివ్‌గా నా పని అయిపోయింది. మరదలిగా ఇంకా కాలేదు.

"దారి ఒకటే ఉంది" అన్నాను. "దీనికి కాగితం కావాలి. ఇది ఇక్కడే పుట్టిందని పుస్తకంలో ఉంది, ఒంటి మీద గాటుంది. మధ్యలో ముప్ఫై నాలుగేళ్లు ఎక్కడుందో చెప్పే కాగితమే లేదు. అది రాయగలిగినవాడు నువ్వొక్కడివే."

వచ్చే నెల బావకు ప్రమోషన్ ఇంటర్వ్యూ. అక్క ఇప్పటికే ఆయనకు కొత్త చొక్కా కొని దాచింది. ఈ కాగితం రాస్తే ప్రమోషన్ మాట దేవుడెరుగు, ఉన్న కుర్చీ ఉంటుందో ఊడుతుందో చెప్పలేం. విజిలెన్స్ ఆఫీసరు తన దొంగతనం తనే రాసివ్వడం ఏ ఆఫీసులోనూ చూసి ఉండరు.

కాని ఆయన అడిగింది ఆ సంగతి కాదు. "నేను రాస్తే ఆవిడ అబద్ధం రాశారని కూడా తేలుతుంది కదా?" అన్నాడు.

"తేలనీ" అంది పెద్దమ్మ. "ముప్ఫై నాలుగేళ్లుగా మోస్తున్నాను దాన్ని. ఈ నెలాఖరుకి నాతో పాటు దానికీ రిటైర్మెంట్ ఇచ్చేద్దాం."

బావ జేబులోంచి పెన్ను తీశాడు. రాస్తూ మధ్యలో ఒక్కసారి ఆగి, "అమ్మ నిన్న దీన్ని సంచిలో పెట్టనివ్వలేదు. తనే పెట్టింది. పువ్వులు కూడా వేసింది" అన్నాడు. మళ్లీ రాశాడు. చాలాసేపే పట్టింది. కొట్టివేతలు లేకుండా రెండు పేజీలు.

మూడూ యాభై ఆరుకి గేటు దగ్గర కారు హారన్ వినపడింది.

బావ లేచాడు. పెద్దమ్మ ఆయన దగ్గరికి వచ్చి, చొక్కా మెడ నుంచి కింద దాకా ఒక్కొక్క గుండీ చూసింది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వెళ్లు."

"పదండి బావగారూ, నేనూ వస్తాను" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి నా వంక చూశాడు. "ఇంకా కోపమేనా?"

"కాదు" అన్నాను. తాబేల్ని ఎత్తుకుని ఆయన పక్కన నడిచాను.

గేటు దగ్గర కమిషనర్ సీలు కవరు చింపి జాబితా బయటికి తీశాడు. సంతకానికి పెన్ను కూడా చేతిలోనే ఉంది, తొందర్లో ఉన్నట్టున్నాడు. తాతగారు కుక్కిన పేనులా కిటికీ వెనక కూర్చున్నాడు.

"అరవై నాలుగు కదా?" అన్నాడు కమిషనర్. "పొద్దున ఫోన్లో అరవై అయిదని చెప్పారట. ఈ తేడా ఏమిటి?"

బావ జేబులో తాళాలు గలగలలాడాయి. నా చేతుల్లో ఏడో తాబేలు మెడ బయటికి చాపి ఆయన వైపు చూసింది.

"తేడా నేనండీ" అన్నాడు బావ, రెండు పేజీలూ ముందుకు చాపి.

కమిషనర్ మొదటి నాలుగు వరుసలు నిలబడే చదివాడు. పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చుట్టూ చూసి, సందర్శకుల సిమెంటు బెంచీ మీద దుమ్ము దులుపుకుని, ఫైలు పక్కన పెట్టుకుని కూర్చుని, ఆ కాగితాలు మళ్లీ మొదటి నుంచి చదవసాగాడు.